సిస్టరమ్మ దణ్ణం

దుప్పటి అంచు మడిచి, రోజలిన్ ముసలమ్మ పాదాలు రెండూ అరచేతులతో పట్టుకుంది. వెచ్చగానే ఉన్నాయి. అంతదాకా మూలుగుతున్న ముసలమ్మ మూలుగు ఆపి చెయ్యెత్తింది.

"నూరేళ్ళు సల్లగా బతుకు తల్లీ."

"అలాగేనమ్మా," అని రోజలిన్ పక్క మంచానికి నడిచింది.

అనకాపల్లిలోని ఆ చిన్న ఆసుపత్రిలో ఇలాంటి దీవెనలు ఆమె ఎన్ని పోగేసుకుందో లెక్క లేదు. నిజానికి ఆమె పెట్టేది దణ్ణం కాదు. ఒంట్లో నెత్తురు సరిగా ఆడకపోతే ముందు కాళ్ళు చల్లబడతాయి. నర్సింగు నేర్పిన పెద్ద సిస్టరుగారు వార్డులోకి రాగానే పాదాలే పట్టి చూడమనేవారు. "మొహానికి మొహమాటం ఉంటుంది, పాదానికి ఉండదు" అనేవారావిడ.

చుట్టుపక్కల పల్లెల రైతులకు ఆ సంగతి ఏం తెలుసు? కాళ్ళు పట్టుకుందంటే దణ్ణమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తాతకు విడమరిచి చెప్పబోయింది. ఆయన సగం విని, "సదువుకున్నదానివి, ఎంత అణకువమ్మా" అని రెండోసారి దీవించాడు. అంతటితో చెప్పడం మానేసింది. భర్త జాకబ్ ఉన్నన్నాళ్ళూ ఆటపట్టించేవాడు: "ఊరి దీవెనలన్నీ నీకే వత్తన్నాయి, నాకో రెండు ఇద్దూ." ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ముందు నవ్వొస్తుంది, వెనకే ఏడుపొస్తుంది.

పొట్టి మనిషి. తెల్లచీర చీలమండల పైకి కడుతుంది. పూడిమడకలో ఎండుచేపల గంప మోసిన తల్లి నడకే ఈమెకూ వచ్చింది, గబగబా, కాస్త ముందుకు వంగి. డెట్టాలుకు అరచేతులు గరుకుదేరాయి. మాఘమాసం, చెరకు గానుగలాడే కాలం కావడంతో కిటికీలోంచి బెల్లం వాసన వస్తోంది. స్టవ్ మీద సూదులు మరగబెట్టిన రోజుల్లోనూ ఇదే వాసన. అప్పుడు వార్డులో ఆమే చిన్నపిల్ల. ఆ సూదులూ పోయాయి, ఆ పెద్ద సిస్టరుగారూ పోయారు.

తెర దాటి మగవాళ్ళ వైపు వెళ్ళింది. అక్కడ అంతా గుసగుసలుగా మాట్లాడుకుంటున్నారు. ఎవరో రేడియో కూడా కట్టేశారు.

చివరి మంచం మీది త్రినాధరావు రావికమతం రైతు. చెరకు కొడుతుంటే కాలికి కత్తి తగిలి, పుండు చీము పట్టింది. వచ్చిన దగ్గర్నుంచీ వార్డు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు. ఫ్యానునూ సెలైన్నూ తిట్టేవాడు. రోజలిన్ పాదం ముట్టుకుంటే మాత్రం, "నీ సూదులు పాడుగాను, నువ్వు సల్లగుండు" అనేవాడు. అంత తిట్టుబోతు ఆమెకు ఎందుకో నచ్చాడు.

అతని భార్య కాసులమ్మ పెదవుల మీద వేలు పెట్టి ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నిమ్మళించేడమ్మా. తెల్లారగట్ల నుంచి గోల లేదు. లేపకు."

పక్క మంచం వాళ్ళు తలూపారు. కునుకు పడితే సగం జబ్బు పోయినట్టే కదా. వార్డంతా అతని నిద్రకు కాపలా కాస్తోంది.

రోజలిన్ పుండు లేని కాలు పట్టుకుంది. చల్లగా, చెమ్మగా ఉంది. చెయ్యి పైకి జరిపింది. మోకాలి దాకా అంతే. ఊపిరి పైపైన, వేగంగా ఆడుతోంది. మూత్రం సంచి అడుగున నాలుగు చుక్కలున్నాయి.

"బాబూ, దణ్ణం పెట్టేను. దీవించవేటి?"

చెయ్యి లేవలేదు. దీవెన అడిగి పుచ్చుకోవాలని చూడటం ఆమెకు అదే మొదలు. భుజం పట్టి గట్టిగా కుదిపింది.

"రెండు రాత్రులు కునుకు లేనోణ్ణి, ఎందుకమ్మా అలా కుదిపేత్తావు?" అంది కాసులమ్మ కోపంగా.

"ఇది నిద్ర కాదమ్మా. ఒంట్లో అరిసే ఓపిక అయిపోయింది."

రోజలిన్ కేక వార్డు దాటి డాక్టరు గది దాకా వినిపించింది. డాక్టరు దేవీప్రసాద్ చూస్తున్న రోగిని వదిలి పరుగెత్తుకొచ్చాడు.

"ఎప్పట్నించి సిస్టర్?"

"నేను సూసింది ఇప్పుడే. తెల్లారగట్లే మొదలయినట్టుంది."

ఆక్సిజను పెట్టారు. రెండు చేతులకూ సెలైన్లు కట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. పుండు విషం ఒళ్ళంతా పాకిందని, విశాఖపట్నం పంపాల్సిందేనని డాక్టరు చెప్పాడు. వ్యాను ఎక్కిస్తుంటే త్రినాధరావు కళ్ళు సగం తెరిచాడు. కాసులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అతని పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పెద్దాసుపత్రి గేటు దాటాక ప్రాణం పోయింది.

"మీ తప్పేం లేదు సిస్టర్," అన్నాడు దేవీప్రసాద్.

రోజలిన్ తలూపింది. కానీ పొద్దున తానూ మూలుగు వినిపించిన వైపుకే ముందు వెళ్ళింది. సద్దు లేని వైపు చివరికి మిగిల్చింది. అది ఆమెకు తెలుసు, ఆ బాధ ఆమెదే.

డ్యూటీ దిగే ముందు ఆయాను పిలవకుండా ఆ మంచం మీది దుప్పట్లు తనే మార్చింది. మంచం పక్క బల్ల అర తెరిస్తే, లోపల పళ్ళెం బోర్లించిన స్టీలు గ్లాసు ఉంది. పళ్ళెం మీద చిన్న బెల్లం ముక్క. పళ్ళెం తీసి చూసింది. మొగుడు నిద్ర లేచాక తాగుతాడని కాసులమ్మ రాగిపిండితో కాచి పెట్టిన చోడిజావ, నిండుగా, పైన తొరక కట్టి ఉంది.