గరిక పీకిన పోశయ్య

పోశయ్య చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. గోనెపట్టా మడిచి మోకాళ్ల కింద వేసుకుని, ఖుర్పీతో గరిక వేళ్లు తవ్వడం మొదలుపెట్టాడు. మోకాళ్లు ఆనేచోట ఆ పట్టా రెండు గుండ్రాలుగా అరిగిపోయింది. పదహారేళ్లుగా ఉప్పల్ నుంచి నడిచొచ్చి నాచారంలోని ఈ ఇంటి లాన్ చూస్తున్నాడు. ఒక్కనాడూ దాన్ని చెప్పులతో తొక్కలేదు. ఇవాళ తవ్విపారేసేటప్పుడూ తొక్కలేదు.

మొదటిరోజు కూడా ఇదే పని చేశాడు, పొరపాటున. కీసర దగ్గర చెలక వదిలి అప్పుడే వచ్చిన మనిషి. ముందున్న జాగా బాగుచెయ్యమని చెప్పి రామ్మోహనరావు సారు ఆఫీసుకు వెళ్లాడు. చేనుకు పట్టే పీడ గరికేనని పుట్టిన దగ్గర్నుంచి విన్నవాడు కదా, సాయంత్రానికి సగం లాన్ పీకి కుప్పపెట్టి, మెప్పు కోసం ఎదురుచూశాడు. సారు నెత్తి పట్టుకున్నాడు. గరికను ఏరికోరి పెంచుకునేవాళ్లు కూడా ఉంటారని పోశయ్యకు అప్పుడే తెలిసింది. పీకిన చేతులతోనే మళ్లీ నాటాడు. ఆ తర్వాత దాన్ని బిడ్డలా సాకాడు.

సారు పోయి మూడేళ్లు. ఈ ఎండాకాలం బోరు ఎండింది, లాన్ మాడింది. సారు భార్య త్రిపురసుందరమ్మ, వీధిలో అందరిలా టైల్స్ వేయిద్దామంది. అనడమే తప్ప మేస్త్రీని పిలవడానికి ఆమెకు మనసు రాలేదు.

"వానలదాంక ఆగున్రి అమ్మా. నీళ్లడగనిది పెడ్త" అన్నాడు పోశయ్య.

మొన్న తొలివాన పడింది. ఇప్పుడు అతను నాటుతున్నది గంగవాయిలి కూర. ఇన్నేళ్లూ ఈ లాన్‌లోంచే పీకి, తువ్వాలలో మూటగట్టుకెళ్లి పప్పులో వేసుకున్నదే. అంచుల్లో నాచుపూలు పెట్టాడు.

త్రిపురసుందరమ్మ టీ తెచ్చి మెట్టు మీద కూర్చుంది.

"ఇది కలుపు కదయ్యా?"

"గరిక గూడ మాకు కలుపే గదమ్మా."

ఆమె చాన్నాళ్లకు నవ్వింది. టీ గ్లాసు అందిస్తూ అడిగింది.

"దీనికి నీళ్లొద్దు, కత్తిరింపొద్దు. రేపట్నుంచి నీకిక్కడ పనేముంటుంది, పోశయ్యా?"

వారం రోజులుగా అతన్ని తొలుస్తున్నదీ అదే. ఈ వయసులో కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? అయినా ఈ మట్టి మీద బండలు పరిస్తే చూడలేడు.

"పని లేకుంటే ఊకె వచ్చి కూసుంట. సారు గడ్డి మీద ఎవ్వల్నీ కూసోనియ్యకపోయె."

నిజమే. పాడవుతుందని సారు తానూ ఏనాడూ కూర్చోలేదు. పాపం, కిటికీలోంచి చూసుకుని మురిసిపోయేవాడు.

సాయంత్రానికి నాటడం అయిపోయింది. నడిమధ్య, ఇద్దరు కూర్చునేంత మేర మాత్రం గరిక పీకలేదు.

"అదెందుకు వదిలావు?"

"సారు యాదికి. రెండు చెంబుల నీళ్లు సాలు దీనికి."

"అయితే రా, కూర్చుందాం."

"రేపమ్మా. ఇయ్యాల ఒళ్లంత మట్టి."

తడిసిన గోనెపట్టాను ఆరడానికి ఆ గరిక మీద ఓ పక్కగా పరిచి, చెప్పులేసుకుని వెళ్లాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు అతని కూతురు సాలమ్మ గేటు పట్టుకుని నిలబడింది.

"నాయిన నిన్న పొద్దుగాల లేవలేదమ్మా. నిద్రలనే పోయిండు."

పదిరోజులకు గంగవాయిలి వేళ్లు పట్టుకుని నాలుగు వైపులా పాకింది. త్రిపురసుందరమ్మ గరికకు రెండు చెంబుల నీళ్లు పోసి, చెప్పులు విడిచి దాని మీద కూర్చుంది. పక్కనే, రెండు మోకాళ్ల గుండ్రాలతో, గోనెపట్టా పరిచింది పరిచినట్టే ఉంది.