లాండ్రీవాళ్ళ నీటిగుర్రం

కార్లకి రంగులు వేసే టచప్ మేస్త్రికి ఒక గర్వం ఉండేది. తను చేసిన పని ఎవరికీ కనపడదని. గుద్దుకున్న తలుపైనా, గీసుకుపోయిన బంపరైనా ఆయన షెడ్డులోంచి బయటికొచ్చిందంటే, దెబ్బ ఎక్కడ తగిలిందో బండి సొంతదారు కూడా వేలు పెట్టి చూపించలేడు. తెలుపులో పద్నాలుగు తెలుపులున్నాయనీ, రెండేళ్ళు ఎండలో నిలబడ్డ ఎరుపుకీ కొత్త ఎరుపుకీ చుట్టరికం కూడా ఉండదనీ వచ్చినవాళ్ళందరికీ అడక్కపోయినా చెప్పేవాడు. అబద్ధమేం కాదు, అంత కళ్ళున్న మనిషే. ఇంటికెళ్ళేటప్పుడు ఆ కళ్ళని షెడ్డులోనే తాళం వేసి వెళ్ళేవాడేమో, ఎవరు చూడొచ్చారు!

ఆ ఏడాది పిల్లల ఆసుపత్రిలో ఆటల గది కట్టించడానికి ఊళ్ళోవాళ్ళంతా కలిసి ఒక ఏర్పాటు చేశారు. ఒకే అచ్చులో పోసిన ఇరవైనాలుగు ఫైబరు నీటిగుర్రాలు, ఒక్కోటి దూడంత ఉంటుంది. బడికొకటి, బ్యాంకుకొకటి, ఫైర్ స్టేషనుకొకటి ఇచ్చి, ఎవరికి తోచిన బొమ్మలు వాళ్ళని వేయమన్నారు. తర్వాత వాటిని వీధి మలుపుల్లో నిలబెడితే జనం చేతిలో పటం పట్టుకుని, ఒక్కోదాన్నీ వెతుక్కుంటూ ఊరంతా తిరుగుతారు. నెల తర్వాత వేలం వేసి, వచ్చింది ఆసుపత్రికి ఇస్తారు. దీనికంతటికీ పెద్దదిక్కు రిటైరైన హెడ్మిస్ట్రెస్సు, పెద్ద టీచరమ్మ. ఎండకీ వానకీ రంగులు పోకుండా పైన క్లియర్ కోటు కొట్టే పని ఆవిడ మేస్త్రికి అప్పజెప్పింది. ఊరికే చేసిపెడతానని ఆయన కూడా ఛాతీ విరుచుకుని ఒప్పుకున్నాడు.

ఇరవైనాలుగింటిలో ఒకటి ఆసుపత్రి లాండ్రీవాళ్ళకి వచ్చింది. ఆ లాండ్రీలో ఇరవయ్యారేళ్ళుగా దుప్పట్లు మడతపెడుతున్నది మేస్త్రి భార్యే. "మాకు గీత గీయడం కూడా రాదక్కా, నువ్వే కానివ్వు" అని తోటివాళ్ళు తప్పుకుంటే, ఆవిడ దాన్ని బండెక్కించి ఇంటికి తెచ్చేసుకుంది. నెలరోజులు ముందుగదిలో ఉంది నీటిగుర్రం. మధ్యాహ్నం డ్యూటీ దిగి రాగానే ఆవిడ స్టూలు లాక్కుని దాని పొట్ట దగ్గర కూర్చునేది. చిన్నప్పుడు పలక మీద తప్ప ఆవిడ ఎక్కడా బొమ్మ వేసింది లేదు. ఇప్పుడు అన్నం పొయ్యి మీద మాడుతున్నా లేచేది కాదు.

మేస్త్రి మాత్రం ఆ నెలరోజులూ దాని చెవికి తువ్వాలు తగిలించాడు, వీపు మీద కాఫీ గ్లాసు పెట్టాడు. "బాగుందా?" అని ఆవిడ అడిగిన ప్రతిసారీ "బ్రహ్మాండం" అన్నాడు, పేపరులోంచి తల ఎత్తకుండా.

శనివారం పొద్దున బొమ్మలన్నీ వీధుల్లోకి రావాలి. గురువారం పొద్దుటికి ఇరవైమూడు అయిపోయాయి, చివరికి లాండ్రీది మిగిలింది. క్లియర్ కోటులో రంగుని కరిగించే థిన్నరు ఉంటుంది. కింద వేసిన రంగు దానికి తట్టుకుంటుందో లేదో ముందే తెలుసుకోవాలి. అందుకని మేస్త్రి ప్రతి బొమ్మకీ కడుపు కింద, కనపడని చోట, థిన్నరు గుడ్డతో చిన్నగా తుడిచి చూసేవాడు. గుడ్డకి రంగు అంటకపోతేనే స్ప్రే గన్ను పట్టేవాడు. ఇరవైమూడింటికీ అలాగే చేశాడు. ఇరవైనాలుగోది మన ఇంటిదేగా, దీనికి పరీక్షలేమిటని నేరుగా గన్ను ఎత్తాడు. పైగా మన ఇంటిదని ప్రేమ కొద్దీ దట్టంగా కొట్టాడు.

ఆవిడ రంగులు నీళ్ళలో కలిపేవే, థిన్నరుకి వాటికేమీ కాలేదు. కానీ వాటి మీద సన్నటి గీతలన్నీ నల్ల మార్కరుతో గీసింది. మేస్త్రి చూస్తుండగానే ఆ గీతలు కదిలాయి. కళ్ళనిండా పెట్టుకున్న కాటుక ఏడిస్తే జారినట్టు, బొమ్మ అంతా నల్లగా కిందికి జారిపోయింది. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

"కొంప మునిగింది బావా!" అన్నాడు వెనకనుంచి బావమరిది. షెడ్డులో పుట్టీ పని అతనిదే, మేస్త్రి భార్యకి స్వయానా తమ్ముడు.

"అరవకు. ఆరనీ. వాటర్ పేపరుతో రుద్ది మరకలు తీసేసి, మళ్ళీ గీసేద్దాం. దానికి తెలియనే తెలియదు."

"గీద్దాం సరే. ఏం గీద్దాం?"

మేస్త్రి బొమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసొచ్చాడు.

కోటు ఆరాక మరకలు రుద్దితే రంగుల ముద్దలు మాత్రం మిగిలాయి. పొట్ట చుట్టూ దండెం తాడు ఉందన్నంతవరకు గుర్తుంది. దాని మీద ఏవో వేలాడుతున్నాయి. పసుపు ముద్ద ఒకటి, నీలం ముద్ద ఒకటి, వెలిసిన ఎరుపు ఒకటి, అలా నలభై దాకా ఉన్నాయి.

"ఈ పసుపుదేంటి బావా?"

"దువ్వెన... కాదు, సబ్బుపెట్టె అనుకుంటా."

"సబ్బుపెట్టెని దండెం మీద ఆరేస్తారా ఎవరైనా? నెలరోజులు నీ కళ్ళ ముందే కదా ఉంది!"

ఫోనులో ఫొటో ఉందేమోనని వెతికారు. మేస్త్రి ఫోనులో మూడువందల బంపర్లున్నాయి. నీటిగుర్రం ఉన్నది ఒకే ఒక్క ఫొటోలో, దానికీ అడ్డంగా మేస్త్రి పొట్ట ఉంది. ఆవిడది ఉత్త మాట్లాడే ఫోను. బావమరిది చేతులు దులుపుకున్నాడు. "అక్కకి చెప్పేది నువ్వే. నేను ఈ చుట్టుపక్కల కూడా ఉండను" అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాడు మేస్త్రి. తెలివిగా కూపీ లాగుదామనుకున్నాడు పాపం. రెండు ముద్దలు తిని, "అవునూ, ఆ పొట్ట మీద పసుపుది ఎంత బాగా కుదిరిందే! అదేంటది, అదీ..." అన్నాడు.

ఆవిడ గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి నోట అలాంటి మాట రాలేదు. "ఏం చేశావయ్యా దాన్ని?"

"ఏం చేశాను? ఆరుతోంది."

"నా మొహం చూసి చెప్పు."

నీళ్ళు నమిలి, పచ్చి అబద్ధం ఒకటి సగం చెప్పి, ఇక లాభం లేదని ఉన్నది కక్కేశాడు. ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాడు. ఆవిడ లేవలేదు. పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"మార్కరు వాడకూడదని నాకెవరు చెప్పారు? తెలియక వాడాను. అందరివీ తుడిచి చూశావా?"

"చూశాను."

"నాది?"

"మనదే కదా అనుకున్నాను."

"ఆహా. ఊళ్ళోవాళ్ళవైతే కడుపు కింద కూడా దూరి చూశావు. మనదనుకున్నావు గనకే నాది చూడలేదు."

మేస్త్రి కంచం పక్కకి జరిపాడు. దెబ్బలాడితే ఎదురు దెబ్బలాడొచ్చు. ఇదేమో నెమ్మదిగా అన్న మాట, పైగా నిజం. చెయ్యి కడుక్కుని, "రా, చూద్దువుగాని" అన్నాడు.

షెడ్డులో దాన్ని చూశాక ఆవిడ ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మేస్త్రి ఏం చెయ్యాలో తోచక చేతిలో గుడ్డని మెలిపెడుతూ నిలబడ్డాడు. కాసేపటికి ఆవిడ ముక్కు తుడుచుకుని పసుపు ముద్ద మీద వేలు పెట్టింది.

"ఇది బొమ్మకారు తలుపు. తొమ్మిదో మంచం పిల్లాడిది. దుప్పట్లో చుట్టుకుని మా దగ్గరికొచ్చేసింది."

మేస్త్రి వంగి చూశాడు.

"పిల్లల మంచాల మీది దుప్పట్లు విదిలిస్తే ఏదో ఒకటి రాలుతుందయ్యా. పైన వార్డుకి పంపిస్తే ఒక్కోసారి ఆ పిల్లలు అప్పటికే ఇంటికెళ్ళిపోయి ఉంటారు. డబ్బాలో దాచాను. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని. కొత్త సూపర్‌వైజరు వచ్చి చెత్త అని పారబోయించాడు. అందుకే ఇక్కడ ఆరేశాను. ముద్ద చూస్తే ఎవరు గుర్తుపడతారు? ఆ గీతలే వాటి ఆనవాళ్ళు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పాను. రోజూ ఒకటి చెప్పాను. నువ్వు బ్రహ్మాండం అన్నావు."

మేస్త్రి వెళ్ళి షెడ్డు షట్టరు సగం దించాడు. ఆ రోజూ మర్నాడూ రావాల్సిన రెండు కార్లవాళ్ళకి ఫోన్ చేసి సోమవారం రమ్మన్నాడు. కార్ల మీద సన్నగీతలు లాగే ఉడుత వెంట్రుకల కుంచె ఆయనకొకటుంది, ప్రాణంగా చూసుకునేది, సొంత బావమరిదిని కూడా ముట్టుకోనివ్వనిది. దాన్ని తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నువ్వు చెబుతూ గియ్యి. రంగు నేను కలుపుతాను. ఈసారి వింటాను."

"ఒంటి సాక్సు," అంది ఆవిడ. "మడమ దగ్గర చిరిగితే వాళ్ళమ్మ ఆకుపచ్చ దారంతో కుట్టింది."

"ఏ ఆకుపచ్చ?"

"ఆకుపచ్చే!"

"అలా కాదే. లేతదా, ముదరా? ఉతికిందా, కొత్తదా?"

ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచించింది. "బాగా ఉతికింది. పసుపులోకి తిరిగింది." మేస్త్రి మూడు డబ్బాల్లోంచి చుక్క చుక్క కలిపి, తన బొటనవేలి గోరు మీద రాసి చూపించాడు. ఆవిడ గోరు వంక చూసి, ఆయన వంక చూసింది. "అదే. అచ్చం అదే" అంది.

టేపు చుట్టిన కళ్ళజోడు, కొరికిన పెన్సిలు, కాగితంలో పొట్లం కట్టిన పాలపన్ను, 'రేపు సూది వద్దు' అని రాసి దిండు కింద దాచుకున్న చీటీ. ఒక్కోదానికీ మంచం నంబరూ, ఒక్కోదానికీ కథా. పాలపన్ను రంగు కోసమే మేస్త్రి గంటసేపు కొట్టుకున్నాడు, తనకి తెలిసిన పద్నాలుగు తెలుపుల్లో అది లేదు. శుక్రవారం ఆవిడ సెలవు పెట్టింది. చుట్టుపక్కల ఉండనన్న బావమరిది టిఫిను తెచ్చి, నోరు మూసుకుని కుంచెలు కడిగాడు. మధ్యాహ్నానికి నలభై ఒకటీ మళ్ళీ దండెం ఎక్కాయి. మేస్త్రి కడుపు కింద దూరి, గుడ్డతో తుడిచి, గుడ్డని వెలుతురులో పెట్టి మూడుసార్లు చూసుకున్నాడు. తర్వాత పసిపిల్లకి పౌడరు అద్దినట్టు పల్చగా, నాలుగు విడతలుగా కోటు కొట్టాడు.

శనివారం పొద్దున నీటిగుర్రాన్ని పోస్టాఫీసు ముందు నిలబెట్టారు. కింద రేకు మీద ఆవిడ పేరు ఉంది. ఆవిడకి డ్యూటీ ఉండి, దిగేసరికి మూడైంది. బట్టలైనా మార్చుకోకుండా పోస్టాఫీసుకి వస్తే, అక్కడ ఈగ దూరే సందు లేదు. మధ్యలోంచి ఒక గొంతు వినిపిస్తోంది. ఆ గొంతు ఆవిడకి తెలియనిది కాదు.

"ఈ రిబ్బను చూడండమ్మా, ఇరవై రెండో మంచం పాపది. ఒకవైపు కొస కాలి ఉంటుంది చూడండి, దారాలు ఊడకుండా వాళ్ళ నాన్న అగ్గిపుల్లతో కాల్చాడు. ఈ గుండీ ఉంది చూశారూ, నాలుగు కన్నాల్లో ఒకటి పూడిపోయింది..."

పొద్దున్నుంచీ అదే వరస అట. ఇంటికి వెళ్ళలేదు, అన్నం తినలేదు. పిల్లలొస్తే మోకాళ్ళ మీద కూర్చుని మొదటినుంచి చెబుతున్నాడు. ఆవిడ జనంలోంచి నెట్టుకుంటూ ముందుకొచ్చింది. మొత్తం విన్నది. నలభై ఒకటీ చెప్పాడు, ఒక్క మంచం నంబరు తప్పు పోలేదు. ఆయన తల ఎత్తేసరికి ఎదురుగా ఆవిడే ఉంది. కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి, పెదవి మాత్రం నవ్వు దాచుకోలేకపోతోంది.

"బాగా చెబుతున్నారండీ," అంది ఆవిడ, పరాయి మనిషిలా. "ఎవరు వేశారండీ ఇది?"

మేస్త్రి లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. "మా ఆవిడ అండీ."

"మీకు ఇవన్నీ ఎలా తెలుసు?"

"ఒకసారి చెరిపేశానండీ," అన్నాడు మేస్త్రి. "అందుకే తెలుసు."

వెనక నిలబడ్డవాళ్ళు కాస్త పక్కకి జరగమ్మా, మేమూ చూడాలి అన్నారు. ఆవిడ జరగలేదు. ఇంకోసారి మొదటినుంచి చెప్పమంది.