కొండతండ్రికి పెట్టిన పిండి

చింబొరాసో కొండ మీద కింది సత్రం నుంచి పై సత్రానికి దారి కొంచెమే గానీ, నిట్టనిలువుగా ఉంటుంది. ఆయాసపడుతూ ఎక్కొచ్చిన ఆసుంతా, ఆనవాయితీ ప్రకారం కొండతండ్రికని గుప్పెడు వేయించిన బార్లీ పిండి రాతి మీద పెట్టింది.

"తీసెయ్ పిన్నీ! వికూన్యా మంద వచ్చి తినేస్తుంది. అభయారణ్యంలో జంతువులకు తిండి పెట్టకూడదు," అన్నాడు కాపలా కాస్తున్న ఆమె అక్క కొడుకు దెల్ఫీన్.

ఆసుంతాకు ఒళ్లు మండింది. "జంతువులకెవడు పెట్టాడ్రా? ఆయన గుమ్మంలోకొచ్చి ఆయనకే పెట్టొద్దంటావా? నీకీ ఉద్యోగం రావాలని పోయినేడు ఇదే రాతి మీద పిండి పెట్టిందెవరు?"

దెల్ఫీన్ తల దించుకున్నాడు. "అప్పుడు నాకీ యూనిఫాం లేదు పిన్నీ."

"ఆ యూనిఫాం ఇప్పించిందే ఆ పిండిరా! ముందు నీ చొక్కా విప్పి ఆ రాతి మీద పెట్టు. పిండి సంగతి తర్వాత చూద్దాం!"