తపాలా పెట్టె దాటాక

మా సైకిలు దుకాణంలో వడ్రంగి మేస్త్రి టేపు కొసని నా చేతికిచ్చి, "కాస్త ఆ మూల పట్టుకోమ్మా," అన్నాడు. పట్టుకున్నాను. అతను పదకొండున్నర అడుగులు అని రాసుకున్నాక, దేనికని అడిగాను.

"అద్దాల బీరువాలకి. ఇక్కడ సెల్‌ఫోన్ల షాపు పెడుతున్నారు కదా." నా ముఖం చూసి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "మీ అన్నయ్యగారు చెప్పలేదా?"

అన్నయ్య అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. ఆఫీసు నుంచి భోజనానికి వచ్చిన మనిషి, ఇస్త్రీ చొక్కాకి గ్రీజు అంటకుండా తలుపుకి జానెడు దూరంలో నిలబడ్డాడు.

"సాయంత్రం చెబుదామనుకున్నానమ్మడూ. నాలుగింటికి వాళ్లు కాగితాలు తెస్తారు. దుకాణం ఇద్దరి పేరునా ఉంది కాబట్టి నీ సంతకం ఒకటి కావాలి, అంతే. నలభై రెండేళ్లొచ్చాయి. ఇంకెన్నాళ్లు ఈ పంక్చర్లు? ఇంట్లో మీ వదినకి తోడుగా ఉందువుగాని."

"నన్ను అడగలేదు."

"అడిగితే ఏమంటావో నాకు తెలీదా? మొదట వద్దంటావు, తర్వాత సరే అంటావు. ఆ మొదటిది ఎందుకులే అని."

మేస్త్రి కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నాడు.

అన్నయ్య మాట అబద్ధమైతే అంత బాధ ఉండేది కాదు. పదో తరగతితో చదువు మానమన్నప్పుడు అలాగే జరిగింది. మేడ మీద నా గది వాళ్ల పిల్లలకిచ్చి వంటింటి పక్కకి మారమన్నప్పుడూ అంతే. ఇప్పుడు కూడా నా నాలుక 'స' దగ్గరికి వెళ్లడం నాకు తెలిసింది. పళ్లు బిగించి, గోడకి ఆనించి ఉన్న సైకిలు తీశాను.

"ఇది నర్సమ్మగారిది. తొక్కి చూసొస్తా."

"త్వరగా రా," అన్నాడు అన్నయ్య. వస్తాననే అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

బాగుచేసిన ప్రతి సైకిలునీ వీధి చివర తపాలా పెట్టె దాకా తొక్కి, దాని చుట్టూ తిప్పి తీసుకురావాలి. అది నాన్న పెట్టిన పద్ధతి. ఆయన పోయాక పందొమ్మిదేళ్లుగా నేనూ అదే చేస్తున్నాను. ఎన్ని వేల సైకిళ్లు ఎక్కానో లెక్కలేదు గాని, ఒక్కదాని మీదా ఆ పెట్టె దాటి వెళ్లలేదు.

ఆ రోజు పెట్టె వచ్చింది. చేతులు హ్యాండిల్ తిప్పలేదు. తిప్పొద్దని నేను చెప్పలేదు, వాటంతట అవే ఊరుకున్నాయి. పెట్టె నా కుడి భుజం పక్కగా వెనక్కి వెళ్లిపోయింది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టయింది.

ఊరు అయిపోయింది. తారు అయిపోయింది. కంకర రోడ్డు కాలువ గట్టు వెంట మలుపులు తిరుగుతూ పోతోంది. ఎక్కడికి వెళుతున్నానని నన్ను నేను అడగలేదు. అడిగితే వెనక్కి తిరుగుతానని తెలుసు. తొక్కుతూ మనసులో అన్నయ్యతో వాదించాను. నాలుగు రకాలుగా వాదించాను. విచిత్రమేమిటంటే నాలుగింటిలోనూ అన్నయ్యే గెలిచాడు. ఆయన మాటలు రాసింది నేనే, నెగ్గించిందీ నేనే. పాతికేళ్లుగా అన్నయ్య నా తల లోపల ఇంత హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నాడని అప్పుడు తెలిసింది.

వెనక నుంచి ట్రాక్టరు వచ్చింది. పక్కన కూర్చున్నవాడు వంగి, "అక్కా, గాలి తక్కువైనట్టుంది, చూసుకో," అన్నాడు.

"టైర్లోనా, నీ బుర్రలోనా?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. "అడిగి మరీ తిన్నావు కదరా," అన్నాడు వాడితో. ట్రాక్టరు దుమ్ము రేపుకుంటూ పోయింది. నోరు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఫోను రెండుసార్లు మోగింది. తీయలేదు.

ఇటుక బట్టీ దాటిన కాసేపటికి చప్పుడు మొదలైంది. టక్. కుడి కాలు కిందికి వెళ్లినప్పుడల్లా, టక్.

నర్సమ్మ ఏడు నెలలుగా చెబుతున్న చప్పుడు అది. ఆవిడ ఈ రోడ్డు మీదున్న ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తూ, ఈ దారిలోనే పల్లెలు తిరిగి సూదిమందులు వేస్తుంది. నాలుగుసార్లు సైకిలు తెచ్చింది, నాలుగుసార్లూ నాకేమీ వినపడలేదు. పోయిన నెల, దుకాణం ముందు నలుగురు ఉండగా, "సైకిల్లో లేదు, మీ చెవుల్లో ఉందేమో నర్సమ్మగారూ," అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ సంచి సర్దుకుంది. ఈ పొద్దున మళ్లీ సైకిలు వదిలి, మాట్లాడకుండా బస్సెక్కింది.

కల్వర్టు మీద కూర్చుని సైకిలుని పక్కకి పడుకోబెట్టాను. పెడలు కడ్డీని ఇరుసుకి బిగించే పిన్ను అరిగిపోయి ఉంది. వేలితో నొక్కితే కదిలింది. అంత చిన్న లోపం నాలుగుసార్లు ఎలా తప్పించుకుంది? ఆలోచిస్తుంటే నా చెయ్యి గుర్తొచ్చింది. సైకిలు దుకాణంలోకి రాగానే, ఏమైందని అడగకముందే, ఆ పిన్నుల మీద సుత్తితో చెరో దెబ్బ వేస్తాను. నాన్న వేసేవాడు, నేనూ వేస్తాను. ఆ దెబ్బకి పిన్ను బిగుసుకుంటుంది. తపాలా పెట్టె దాకా కిక్కురుమనదు. ఏడెనిమిది కిలోమీటర్లు పోయాక మళ్లీ వదులవుతుంది.

రోగం చెప్పుకోబోతున్న మనిషి నోరు మూసి, ఏ రోగమూ లేదని పంపించినట్టు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. అన్నయ్య మీద కోపం అలాగే ఉంది, కాని దాని పక్కన ఇంకొకటి వచ్చి చేరింది. ఆయన నాకు చేసింది నేనూ ఒకరికి చేశాను, నవ్వుతూ, నలుగురిలో. అందుకని ఆయన చేసింది ఒప్పైపోదు. రెండూ తప్పే.

రాయి తీసుకుని పిన్నుని కొట్టి బిగించాను. వెనక్కి పోతే పెట్టె, ముందుకి పోతే నర్సమ్మ. ముందుకే తొక్కాను.

ఆరోగ్య కేంద్రం అంటే ఒక గది, ఒక వరండా. నర్సమ్మ తూకం బల్ల మీద పసిబిడ్డని పడుకోబెట్టి అంకె రాస్తోంది. నన్ను చూసి కలం ఆపింది.

"ఏమ్మా, డోర్ డెలివరీ కూడా మొదలెట్టారా?"

"చప్పుడు ఉందండీ. ఇటుక బట్టీ దాటాక వస్తోంది. తప్పు నాది. సైకిలు దుకాణానికి రాగానే పిన్నుని కొట్టి బిగించేసేదాన్ని, అందుకే నాకు వినపడలేదు."

"అయితే నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట."

"బాగానే ఉన్నాయి."

"ఈ మాట చెప్పడానికి ఇంత ఎండలో వచ్చావా?" బిడ్డని తల్లి చేతికిచ్చి, చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఆ నలుగురి ముందూ చెబితే ఇంకా బాగుండేది."

"చెబుతాను."

గోడ గడియారంలో మూడున్నర. ఫోను మళ్లీ మోగింది. ఈసారి తీశాను.

"ఎక్కడ చచ్చావే? వాళ్లు బయల్దేరారు," అన్నాడు అన్నయ్య.

"సంతకం పెట్టను అన్నయ్యా."

"సరేలే, ముందు ఇంటికి రా, మాట్లాడుకుందాం."

"ఇంటికొచ్చినా ఇదే మాట."

"ఎండదెబ్బ తగిలిందా? ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట. రోజుకి నాలుగు పంక్చర్లు రాని దుకాణం పెట్టుకుని ఏం చేస్తావు?"

"రోజుకి నాలుగు పంక్చర్లు వేస్తాను."

నేను తర్వాతి మాట అంటానని ఎదురుచూస్తున్నాడు. పాతికేళ్లుగా వస్తున్న ఆ రెండో మాట. ఈసారి నాలుక కదల్లేదు.

"వాళ్లకి ఏం చెప్పమంటావు?" అన్నాడు చివరికి. ఆ గొంతులో మొదటిసారి నిజంగా ప్రశ్న ఉంది.

"మా చెల్లెలు ఒప్పుకోలేదని చెప్పు. పేరు నాదే పెట్టు, నీకు మాట రాదు."

ఫోను పెట్టేశాను. నర్సమ్మ రిజిస్టరులోకి చూస్తూ, "నేను ఏమీ వినలేదు," అంది. పేజీ తిప్పి, "బాగా చెప్పావు," అంది.

"ఈ రోడ్డు ఇంకా ముందుకి పోతుందా అండీ?"

"పోతుంది. ఏటి గట్టు దాకా. అక్కడేమీ లేదు మరి, రేవు కూడా పాడుబడింది."

"ఐదున్నరకల్లా సైకిలు తెచ్చి ఇస్తాను. రేపు కొత్త పిన్ను వేస్తాను."

"ఐదున్నర దాటితే ఊరికి నీ బస్సు పోతుంది. అప్పుడు నన్ను వెనక కూర్చోబెట్టుకుని నువ్వే తొక్కాలి."

"తొక్కుతాను," అని సైకిలెక్కాను.