పెంటికల జాడ

మిట్టమధ్యాహ్నం నీలం పెట్టె భుజానికి తగిలించుకోని చేనుకు అడ్డంబడి వస్తాండే ఆమెను చూసి, గొర్రెల డాక్టరు పంపిన మనిషనుకున్నాడు కుళ్లాయప్ప.

"గొర్రెలకు ఊరిడిసే ముందరే సూదులేసినారు. ఒక్కదాన్నీ వదల్లే," అన్నాడు కసురుగా.

"గొర్రెలకు కాదు పెద్దాయనా, నీ మనవరాలికి. రెండో సూది ఏసే రోజు దాటిపాయె," అనింది వాళ్ల ఊరికి కొత్తగా వచ్చిన నర్సు మల్లీశ్వరి.

కుళ్లాయప్ప ఆమెను ఎగాదిగా చూసినాడు. మేత కోసం ఇంటిల్లిపాదీ మందతో ఊరొదిలి ఇరవై రోజులాయె. వాళ్లు యాడుండేదీ ఆయన సొంత అన్నకే తెలీదు.

"మేమీడ ఉండామని ఎవరు చెప్పినారు?"

"బత్తలపల్లెలో బస్సు దిగి అడిగితే మంద ఇట్ల పోయిందన్నారు. ఆడినుంచి గొర్రెలేసిన పెంటికల జాడ పట్టుకోని నడిచినా."

తప్పిపోయిన గొర్రెను ఆయన ఎతికేదీ అట్లనే.

సూది పడింది. బిడ్డ ఒక్క కేక పెట్టి తల్లి రొమ్ములో తల దూర్చింది. మల్లీశ్వరి కార్డు మీద తేదీ రాసి, "వచ్చే నెల యాడుంటారు?" అని అడిగింది.

"శింగనమల చెరువు కింద. నువ్వు మాత్రం రావద్దు తల్లీ."

ఆమె ముఖం చిన్నబోయింది.

"యాడికి రావల్లో చెప్పు," అన్నాడు కుళ్లాయప్ప. "బిడ్డనెత్తుకోని నేనే నడిచొస్తా."