తిరగబడిన ఐసు దిమ్మె

హిందూపురం ఐసు ఫ్యాక్టరీలో ఇమాం రోజూ చేసే పని ఒకటే. డబ్బాల్లో గడ్డకట్టిన దిమ్మెలను బోర్లించి, గోనెసంచుల్లో చుట్టి, సోడా అంగళ్ళకు పంపడం. మృగశిర కార్తెలో మాత్రం పాతబావి నీళ్ళతో ఒక దిమ్మె పోస్తారు. అందులో గడిచిన ఏళ్ళన్నీ పొరలుగా పేరుకుంటాయి, అడుగున పాతవి, పైన కొత్తవి. మంచి వానలు పడిన ఏటి పొర నాలుకకు తేలిగ్గా తగులుతుంది, కరువేటిది బరువుగా తగులుతుంది. విత్తే ముందు రైతులు వచ్చి, ఈ ఏడు వానెలా ఉంటుందో ఇమాంను అడిగిపోవడం మామూలే.

1984లో కనగానపల్లి లింగప్ప వచ్చాడు. నిరుడు వాన మొహం చాటేసింది, ఇంట్లో రెండు మూటల వేరుశనగ విత్తనాలు తప్ప గింజ లేదు. ఇమాం పొరలన్నీ కిందినుంచి పైదాకా రుచి చూసి, కరువెప్పుడూ మొదటి ఏడే గట్టిగా కొట్టి తర్వాత తగ్గిందని చెప్పాడు. రేపే గొర్రు కట్టి విత్తుతానని లింగప్ప సంతోషంగా బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున్నే ఇమాం దిమ్మెకేసి మళ్ళీ చూశాడు. డబ్బా మూతి వెడల్పు, అడుగు సన్నం. దిమ్మె సన్నకొస పైకి ఉంది. బోర్లించినదాన్ని తిప్పి నిలబెట్టడమే మరిచి, పైకొచ్చిన పాత పొరలనే కొత్తవనుకుని, నిన్న పెద్ద తెలిసినవాడిలా చదివిపారేశాడు.

రంపంతో నిలువునా ఒక పలక కోసి, సంచిలో చుట్టుకుని బస్సెక్కాడు. పెనుకొండలో టైరు పంక్చరైంది. ధర్మవరంలో బస్సు మారేసరికి ఒళ్ళంతా నీళ్ళు. చేను చేరేసరికి నిమ్మకాయంత ముక్క మిగిలింది. లింగప్ప ఎద్దులను తోలుతున్నాడు, భార్య తిప్పమ్మ వెనకే గింజలు వేస్తోంది.

“ఆపు లింగప్పన్నా. తలకిందులు చదివినా. కరువు సన్నంగా మొదలై ఏటేటా ముదురుతాది. నిరుడుది మొదటిదే.”

“నిన్న ఒకటి, ఈ పొద్దు ఒకటి చెప్తాండావు. నేల పదును ఆరిపోతే నా బిడ్డలకు నువ్వు పెడ్తావా?”

ఇమాం సిగ్గుతో చచ్చిపోతూ ఆ ముక్కను లింగప్ప చేతిలో పెట్టాడు. లింగప్ప నోట్లో వేసుకున్నాడు. అది ఏ కాలపు కరువులో మూడో ఏటి పొరో, ఆ బరువుకు నాలుక మళ్ళీ పైకి లేవలేదు. ఎద్దుల కాడి విప్పేశాడు.

“నాలుగు సాళ్ళే ఏసినాంలే. ఏరుకుందాం రా అన్నా,” అంది తిప్పమ్మ.

ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని మన్ను కెలికి ఒక్కో గింజా ఏరారు. ఊళ్ళో తక్కిన చేలన్నీ మొలిచి మాడిపోయిన తర్వాతి రెండేళ్ళూ, లింగప్ప నలుగురు బిడ్డలు ఆ గింజలే పిడికెడు పిడికెడు తిని బతికారు.