సంతకం పెట్టని సర్కారు వకీలు

పోలీసు వ్యాను కోర్టు ఆవరణలోకి వచ్చి ఆగింది. వెనక తలుపు తెరిచి, నడుములకు ఒకే తాడు కట్టిన మనుషులను ఒకరి తర్వాత ఒకరిని దించారు. అందరూ జాలర్లే. చిలికా సరస్సు గట్టున ఉన్న ఖజూరియా వాళ్లు. ఓ ముసలాయన దగ్గరికి వచ్చేసరికి వరస ఆగిపోయింది. ఆయన కుడిచెయ్యి మోచేతి కింద పక్కకు తిరిగిపోయి వేలాడుతోంది. కమ్మీ పట్టుకుని దిగుదామంటే చెయ్యి లేవడం లేదు. వెనక నుంచి కానిస్టేబులు ఒక్క తోపు తోశాడు. ముసలాయన మోకాళ్ల మీద పడ్డాడు. ఒకే తాడు కాబట్టి ముందువాళ్లూ వెనకవాళ్లూ కూడా ఆయన మీదికి ఒరిగిపోయారు.

కుముదిని జెనా వరండాలో నిలబడి ఇదంతా చూసింది. ఆ సెషన్స్ కోర్టులో ఆమె సర్కారు వకీలు.

"ఆయన చెయ్యేమైంది?" అని పోలీసు దరోగాను అడిగింది.

"పారిపోతూ పడవలో జారిపడ్డాడు మేడమ్. కాగితాల్లో రాశాం కదా."

కాగితాల్లో చాలానే రాశారు. రొయ్యల వ్యాపారి సామంతరాయ్ గేరీల మీద పడి వెదురు గుంజలు పీకారట. వలలు కోశారట. కాపలావాడి తల మీద తెడ్డుతో కొట్టి చంపబోయారట. సరస్సుకు ఎవడి పట్టా లేదు. అయినా సామంతరాయ్ నీళ్లలో గుంజలు పాతి, వలలు చుట్టి గేరీలు కట్టి, తరతరాలుగా జాలర్లు చేపలు పట్టుకునే చోటంతా తనదన్నాడు. ఆ సంగతి మాత్రం కాగితాల్లో లేదు.

కుముదిని లోపలికి వెళ్లి, లేచి నిలబడి, సర్కారు తరఫున చెప్పాల్సింది చెప్పింది. "వీళ్లు బయటికొస్తే మళ్లీ గొడవలు జరుగుతాయి హుజూర్. బెయిలు ఇవ్వకూడదు." ముసలాయనను ఆసుపత్రికి పంపమని చివర ఒక్క మాట కలిపింది. జడ్జి తల ఊపాడు. బెయిలు పోయింది.

ఆమె బయటికి రాగానే ఒక ఆడమనిషి దారికి అడ్డంగా నిలబడింది. పేరు పంకజిని. నుదుట బొట్టు లేదు.

"వకీలమ్మా, నా మొగుడి కేసులో వకీలువి నువ్వే కదా?"

"నేనే."

కిందటి వానాకాలంలో పంకజిని భర్త గొలఖ్ గేరీ పక్కన వల వేశాడు. సామంతరాయ్ తన మనుషులతో మోటారు పడవ ఎక్కి వచ్చి, గొలఖ్ పడవను గుద్ది తిరగేశాడు. నీళ్లలో పడ్డవాణ్ణి గుంజతో అదిమి పైకి రానివ్వలేదు. శవాన్ని రోడ్డు మీద పెట్టి ఊరంతా కూర్చుంటే తప్ప పోలీసులు కేసు కట్టలేదు. విచారణ ఇంకా మొదలు కావాల్సి ఉంది.

"ఆ రోజు గొలఖ్ పడవలో ఇంకెవరున్నారో తెలుసా నీకు?" అంది పంకజిని. "అపర్తి మామ. ఇందాక చెయ్యి విరిగి కిందపడ్డాడే, ఆయనే. పక్క పడవల్లో ఉన్నది ఎవరు? ఆ తాడుకు కట్టి ఉన్నవాళ్లే. నా సాక్షులనందర్నీ నీ నోటితోనే జైలుకు పంపావు. రేపు నా కేసులో ఎవర్ని పిలుస్తావు? గుంజనా?"

ఫైళ్లు రెండూ ఆమె బల్ల మీదే ఉన్నాయి. ఒకదాన్ని పాడుచేయడానికే ఇంకోదాన్ని కట్టారని ఆమెకు అప్పటిదాకా తట్టలేదు. తట్టకుండా ఉండటానికే ఆ ఉద్యోగం అలవాటు చేసింది కాబోలు.

కొద్ది రోజులకే జిల్లా సర్కారు వకీలు మహాపాత్ర ఆమెను పిలిపించాడు. ఆమెకు పై అధికారి, పెద్దమనిషి. చాయ్ తెప్పించాడు. కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"సామంతరాయ్ మీద కేసు ఎత్తేయమని పైనుంచి వచ్చింది. సాక్ష్యం చాలదట, సరస్సులో శాంతి కావాలట. పిటిషన్ రాయించేశాను. నువ్వు సంతకం పెట్టడమే తరువాయి."

"చట్టం అలా లేదు కదా సర్. వకీలు సొంతంగా ఆలోచించి, సబబనిపిస్తేనే కేసు వెనక్కి తీసుకోవాలి."

"ఆలోచించు. ఎవరొద్దన్నారు? ఆలోచించి సంతకం పెట్టు."

"ఆలోచించాక పెట్టబుద్ధి కాకపోతే?"

మహాపాత్ర నవ్వాడు. "బుద్ధి సర్కారుది. చెయ్యి నీది. ఇలాంటివి నేను ఎన్ని పెట్టానో నాకే గుర్తు లేదు. మొదటిసారి చెయ్యి వణుకుతుంది. తర్వాత వణకదు." చాయ్ కప్పు కింద పెట్టి గొంతు తగ్గించాడు. "చూడు కుముదినీ, ఎండుచేపలు అమ్మేదాని కూతురివి. నల్లకోటు వేసుకున్నా వకీళ్ల గదిలో కొందరు నిన్ను చూసి ముక్కు మూసుకుంటారు. అలాంటిదానివి ఈ కుర్చీ దాకా వచ్చావు. పోగొట్టుకోకు."

ఆమె కాగితం తీసుకుని వచ్చేసింది. దారి పొడుగునా ఆలోచించింది. సంతకం పెడితే గొలఖ్ రెండోసారి మునుగుతాడు. పెట్టకపోతే తనను పీకేసి ఇంకొకర్ని తెస్తారు, వాళ్లు పెడతారు. రాజీనామా ఇచ్చినా అంతే. ఎటు తిరిగినా గోడే.

బజారులో తల్లి బుట్టల ముందు కూర్చుని ఈగలు తోలుతోంది. విషయం విని విసనకర్ర ఆపింది.

"పెట్టెయ్యవే. కుర్చీ ఉంటే రేపు ఇంకో పేదవాడికి పనికొస్తావు. కుర్చీ పోయాక ఎవడు పలకరిస్తాడు నిన్ను?"

ఆ మాట కుముదిని తనకు తాను ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటున్నదే. ఆ ఇంకో పేదవాడు రోజూ వస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతివాడికీ ఆమె బెయిలు వద్దనే చెబుతోంది. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టేసింది.

ఆదివారం పడవ ఎక్కి ఖజూరియా వెళ్లింది. రేవులో అప్పటికే జనం పోగై ఉన్నారు. జైల్లో ఉన్నవాళ్ల పెళ్లాలు, తల్లులు, మిగిలిన మగవాళ్లు. ఆమెను చూడగానే అపర్తి కొడుకు ధోబేయి నీళ్లలోకి దూకి పడవ ముక్కు పట్టుకున్నాడు.

"దిగనివ్వకండి! ఈమె నోటి వల్లే మా నాన్నకు బెయిలు పోయింది. సామంతరాయ్ పంపి ఉంటాడు, రాజీకి."

"పంపితే మోటారు పడవ మీద వచ్చేదాన్ని కదరా తమ్ముడూ," అంది కుముదిని. "మీ ఊరి పడవలో, అందరితో పాటు తడుస్తూ వచ్చాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. పంకజిని కేకేసింది: "వదలరా. ఏం చెబుతుందో విని, అప్పుడు ముంచుదాం."

కుముదిని దాచకుండా చెప్పింది. కేసు ఎత్తేయమన్నారని, తాను సంతకం పెట్టనని, పెట్టకపోయినా ఇంకొకరు పెడతారని.

గోల మొదలైంది. ఒక పెద్దాయన రాజీ పడదామన్నాడు. గేరీ బయట మన వేటకు కాస్త నీళ్లు వదలమని సామంతరాయ్ కాళ్లు పట్టుకుందామన్నాడు. "కాళ్లు పట్టుకోవడానికి కూడా ఆయన గేరీ దాటే వెళ్లాలి తాతా!" అని ఆడవాళ్లు విరుచుకుపడ్డారు. ధోబేయి ఈ రాత్రికే గుంజలన్నీ తగలబెడదామన్నాడు.

"తగలబెడితే నిన్నూ కడతారు అదే తాడుకు," అంది పంకజిని. "మిగిలేది మేమే. మేమే మీకు జైలుకు చద్దన్నం మోసుకొస్తూ తిరగాలి." ఆమె కుముదిని వైపు తిరిగింది. "నువ్వు సంతకం పెట్టకపోతే మాకేంటి లాభం? సూటిగా చెప్పు."

"పెద్దగా ఏం లేదు. కొత్త మనిషిని వేసి, మళ్లీ పిటిషన్ పెట్టేసరికి ఒక వారం పడుతుంది."

"వారం వస్తుందా?"

"వస్తుంది."

"అయితే చాలు. చుట్టూ ఊళ్లన్నిటికీ పడవలు పోయి రావడానికి వారం చాలు." పంకజిని జనం వైపు చూసింది. "సాక్ష్యం లేదని కదా అంటున్నారు? గొలఖ్‌ను ముంచిన రోజు ఈ గట్టు మీద వలలు కుడుతూ మనం ఎంతమందిమి ఉన్నాం? మనల్ని ఎవరైనా అడిగారా?"

ఒక ముసలమ్మ లేచింది. "నన్నెవరూ అడగలేదు. దరోగా వచ్చి ఊళ్లో చూసిన మగాళ్లెవరైనా ఉన్నారా అని అడిగి వెళ్లిపోయాడు."

"ఆ మాట కోర్టులో చెబుతావా పిన్నీ?"

"అక్కడ తిరిగి ప్రశ్నలేస్తారట కదే. తికమక పెడతారట. నా వల్ల కాదు."

"నా వల్ల కూడా కాదు," అంది పంకజిని. "అందుకే అందరం కలిసి పోదాం."

గొలఖ్ కేసు వాయిదా రోజున కుముదిని లేచి నిలబడింది. ముందు వరసలో, బెయిలు మీద బయటే ఉన్న సామంతరాయ్ తెల్లబట్టల్లో, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"హుజూర్, ఈ కేసు వెనక్కి తీసుకోమని నాకు ఉత్తరువు వచ్చింది. ఫైలు చదివాను. ఆలోచించాను. కారణం కనపడలేదు. నేను పిటిషన్ వేయను."

సామంతరాయ్ కాలు దించాడు. సాయంత్రానికి ఆమెను తీసేస్తున్నట్టు ఉత్తరువు వచ్చింది. గది తాళం ఇచ్చేస్తుంటే బంట్రోతు ఆమె ముఖంలోకి చూడలేక కిటికీ వైపు చూశాడు.

వారం తిరిగేసరికి రాజధాని నుంచి కొత్త వకీలు దిగాడు. వచ్చిన పూటే సంతకం పెట్టేశాడు. కానీ ఆ రోజు పట్నంలో చేపల బజారు తెరుచుకోలేదు. సరస్సు చుట్టూ ఊళ్ల నుంచి పడవలు తెల్లారకముందే బయల్దేరాయి. కోర్టు ఆవరణలో, మెట్ల మీద, వరండాలో ఎక్కడ చూసినా జాలరి ఆడవాళ్లే. కుముదిని తల్లి కూడా బుట్టలు మూసేసి వచ్చి, కూతురి వైపు చూడకుండా ఓ మూల చతికిలబడింది.

పిటిషన్ పిలిచారు. కుముదిని పంకజిని వకాల్తాతో లేచింది.

"ఈమె నిన్నటిదాకా సర్కారు వకీలు హుజూర్. ఈవిడ ఎలా మాట్లాడుతుంది?" అని మహాపాత్ర అడ్డుపడ్డాడు. జడ్జి ఆమెను కూర్చోమన్నాడు. ఆమె ఏదో అనబోయింది. కూర్చోమని గద్దించాడు. కూర్చుంది.

కొత్త వకీలు చదివాడు: "ఘటనను స్వయంగా చూసిన నమ్మదగ్గ సాక్షులెవరూ లేనందున..."

"నేను చూశాను."

వెనక నుంచి పంకజిని గొంతు. జడ్జి తలెత్తాడు. తలుపు దగ్గర ఇంకో ఆడమనిషి అంది, "నేనూ చూశాను." వరండాలోంచి ఇంకో గొంతు, మెట్ల మీద నుంచి మరొకటి. కిటికీ ఊచలు పట్టుకుని ముసలమ్మ అరిచింది, "నేను చూశానయ్యా! గుంజ పట్టుకున్నది ముందు కూర్చున్న ఆ తెల్లబట్టలాయనే!" ఆవరణ మొత్తం ఒకే మాట అయింది. రాసే గుమాస్తా కలం పట్టుకుని జడ్జి ముఖం చూశాడు. రాయాలో వద్దో అతనికి తెలియలేదు.

జడ్జి లేచి లోపలికి వెళ్లిపోయాడు. లాఠీలు లేచాయి.

వరండాలో తోపులాట. ఎవరి చెప్పులో, ఎవరి చెంగో తెలియలేదు. పోలీసులు పంకజిని జుట్టు పట్టి మెట్ల మీద ఈడుస్తుంటే కుముదిని వెళ్లి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆమె సాక్షి. సాక్షిని కొడుతున్నారు మీరు," అంది. ఆ చేతి మీదే దెబ్బ పడింది. నల్లకోటు చంక దగ్గర చిరిగింది. దొరికినవాళ్లనందర్నీ వ్యానులో కుక్కారు. ఆమెను కూడా.

మర్నాడు మేజిస్ట్రేటు ముందు కొత్త వకీలు లేచాడు. "వీళ్లు బయటికొస్తే మళ్లీ గొడవలు జరుగుతాయి హుజూర్. బెయిలు ఇవ్వకూడదు." కుముదిని బోనులోంచి విన్నది. ఎన్నిసార్లు అన్న మాట! ఇటువైపు నిలబడి వింటే అది గొంతు మీద కాలు వేసినట్టుంది. మేజిస్ట్రేటు, మీరు చదువుకున్నవారు, మీ ఒక్కరికీ ఇస్తాను అన్నాడు. "అందరికీ ఇవ్వండి, తీసుకుంటాను," అంది ఆమె. ఎవరికీ ఇవ్వలేదు.

సబ్‌జైలులో ఆడవాళ్లది ఒకే గది. నిలబడితే భుజాలు తగిలేంత ఇరుకు. ఒకరు పక్క తిరగాలంటే అందరూ తిరగాలి. కిటికీ లేదు, పైన చిన్న ఊచల కంత. చిన్న బిడ్డలను ఇంటి దగ్గర వదిలి వచ్చినవాళ్లు రొమ్ముల్లో పాలు గడ్డకట్టి మూలుగుతున్నారు. ఎప్పుడు వదులుతారో ఎవరూ చెప్పరు. కుముదినికి చట్టం తెలుసు. ఇలా ఎంతకాలం ఉంచగలరో కూడా తెలుసు. అందుకే ఆమె ఎవరికీ ధైర్యం చెప్పలేకపోయింది.

ములాఖత్‌కు వచ్చిన ధోబేయి ఊచల అవతల నుంచి అరిచి కబురు చెప్పాడు. కేసు ఎత్తేయమన్న పిటిషన్‌ను జడ్జి కొట్టేశాడు. ఇంతమంది చూశామని తన ముందే చెబుతుంటే సాక్ష్యం లేదనడం కుదరదని రాశాడట. ఆ వెంటనే జడ్జికి బదిలీ వచ్చింది. గొలఖ్ కేసు విచారణకు వస్తుంది, కొత్త జడ్జి ముందు. సామంతరాయ్ మాత్రం కటక్ హైకోర్టు నుంచి పెద్ద వకీలును తెస్తున్నాడు.

గదిలో సంతోషం కాసేపే నిలిచింది. ముసలమ్మ గోడకు ఒరిగి అంది, "ఆ పెద్ద వకీలు నన్ను నిలబెట్టి అడిగితే నేను తడబడతానే. కేసు నా వల్లే పోతుంది."

కుముదిని ఆమె వైపు చూసింది. తర్వాత లేచి, చిరిగిన కోటు సర్దుకుని, ఆ ఇరుకులోనే ముసలమ్మ ముందు నిలబడింది. ముఖం మార్చుకుంది.

"నీ వయసెంత? నీ కంటిచూపు ఎంత? గట్టు నుంచి పడవ ఎంత దూరం?"

ముసలమ్మ బిత్తరపోయింది. "ఏంటే, నామీద పడ్డావు?"

"నేను సామంతరాయ్ వకీలును. చెప్పు. ఆ రోజు వాన. మబ్బు. నీకేం కనపడింది?"

ముసలమ్మ తడబడింది. పంకజిని వెనక నుంచి, "దూరం చెప్పు పిన్నీ, కేకేస్తే వినపడేంత," అని అందించింది. కుముదిని వదల్లేదు. ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగింది, ఎగతాళి చేసింది, భయపెట్టింది. ముసలమ్మ ఏడుపు ముఖం పెట్టింది. తర్వాత ఆ ముఖం నెమ్మదిగా బిగుసుకుంది.

"నువ్వు అబద్ధం చెబుతున్నావు. ఆ రోజు నువ్వేమీ చూడలేదు," అంది కుముదిని.

"సరే బాబూ, చూడలేదు," అంది ముసలమ్మ. "మరి గొలఖ్ నీళ్లలో నుంచి నీ సామంతరాయ్ చొక్కా జేబు పట్టుకుని లాగాడు. జేబు చిరిగి గుడ్డపీలికలా వేలాడింది. చూడనిదాన్ని నాకెలా తెలిసిందంటావు? నువ్వు చెప్పావా?"

గది గొల్లుమంది. కుముదినికి కూడా నవ్వు ఆగలేదు. "నన్నడుగు! ఇప్పుడు నన్నడుగు!" అని ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతూ ముందుకొచ్చారు. కావలి మనిషి లాఠీతో తలుపు బాది, నోళ్లు ముయ్యమని అరిచింది.

నోళ్లు మూతపడ్డాయి. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల ఖజూరియా మగవాళ్లను పెట్టిన గది నుంచి అపర్తి గొంతు వినపడింది.

"ఓ వకీలమ్మా! ప్రశ్నలు ఇక్కడికి సరిగా వినపడటం లేదు. గట్టిగా అడుగు. మేమూ నేర్చుకోవాలి!"

కుముదిని గోడ దగ్గరికి జరిగి, గొంతు పెంచి, మొదటి ప్రశ్న నుంచి మళ్లీ మొదలుపెట్టింది.